లావుగా ఉన్న స్నేహితుడికి సాయం: అపోహలు – వాస్తవాలు

"మీరైనా గట్టిగా తిట్టండి డాక్టర్, మేం చెబితే వినడు." స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళు ఓపీలో తరచుగా అనే మాట ఇది. ప్రేమతోనే అంటారు. కానీ పక్కన కూర్చున్న మనిషి తల దించుకుంటాడు, అడిగినదానికి సగమే జవాబు చెబుతాడు, మళ్ళీ రమ్మంటే రాడు.

అపోహ: నాలుగు మాటలంటేనే రోషం వచ్చి తగ్గుతాడు.

వాస్తవం: తగ్గడు సరికదా, పెరిగే అవకాశమే ఎక్కువ. బరువు గురించి ఎగతాళి పడ్డవాళ్ళు కాలక్రమంలో ఇంకా లావవుతున్నారని పరిశోధనల్లో పదేపదే తేలింది. నలుగురిలో "ఇంకో ప్లేటా?" అనిపించుకున్నవాడు అక్కడ తినడం మానేసి, రాత్రి ఒంటరిగా తింటాడు. పార్కుకి వెళ్ళాలంటే సిగ్గుపడతాడు. ఆడపిల్లలకైతే "పెళ్ళెలా అవుతుంది" అనే మాట అదనం. అన్నిటికంటే పెద్ద నష్టం, ఆస్పత్రికి రావడమే వాయిదా వేస్తారు. బీపీ, షుగర్ ఏళ్ళ తరబడి బయటపడవు.

రోషంతో కొన్ని వారాలు కడుపు మాడ్చుకున్నా అది నిలవదు. బరువు తగ్గేకొద్దీ ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ అనే హార్మోన్ తగ్గుతుంది, ఒళ్ళు ఖర్చుపెట్టే కేలరీలూ తగ్గుతాయి. ఏడాది తర్వాత కూడా ఈ మార్పు పోదు. మళ్ళీ లావైనవాణ్ణి పట్టుదల లేనివాడనడం అన్యాయం.

ఇద్దరే ఉన్నప్పుడు అడగండి: "నీ ఆరోగ్యం గురించి ఒక మాట మాట్లాడనా?" వద్దంటే ఆపేయండి. సరేనంటే బరువు ఊసెత్తకుండా, తనని ఏది ఇబ్బంది పెడుతోందో కనుక్కోండి. మోకాళ్ళ నొప్పా, మెట్లెక్కితే ఆయాసమా? అందులోంచి ఒక్క పని తననే ఎంచుకోనివ్వండి.

ఆ తర్వాత మారాల్సింది మీరు. రోజూ కలిసేది బజ్జీల బండి దగ్గరైతే ఆ చోటు మార్చండి. 10 నిమిషాల నడకతో మొదలుపెట్టి, వారానికి 5 నిమిషాల చొప్పున 30 దాకా తీసుకెళ్ళండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అంత వేగం చాలు. తొడలు ఒరుసుకుని మంట పుడితే చాలామంది చెప్పరు, నడకే మానేస్తారు. లోపల పొడవాటి సైక్లింగ్ షార్ట్, ఒరుసుకునే చోట కొంచెం వాజెలిన్ ఉంటే ఆ బాధ తప్పుతుంది.

టీ సంగతి చూడండి. రోజుకి నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల పంచదార అంటే 40 గ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు చెప్పే హద్దు 25 గ్రాములు. రెండు వారాలకోసారి అర చెంచా తగ్గిస్తూ వస్తే నాలుక అలవాటు పడుతుంది. మీరూ అదే టీ తాగండి.

అపోహ: "ఒక్కరోజుకి ఏం కాదు, తిను" అనడం ఆప్యాయత.

మన ఇళ్ళలో వద్దంటే మొహమాటం అనుకుని మారు వడ్డిస్తాం. ఒకసారి అడిగి ఊరుకోండి. ప్లేటుకి కాపలా కాయడం కూడా తప్పే. ఒకరోజు ఎక్కువ తింటే ఏమీ అనకుండా, మర్నాడు నడకకి మామూలుగా ఫోన్ చేయండి.

అపోహ: సగానికి సగం తగ్గితేనే లాభం.

100 కిలోల మనిషి 5 నుంచి 10 కిలోలు తగ్గినా బీపీ, షుగర్, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) మెరుగవుతాయి. కాటాతో పాటు నడుము చుట్టుకొలతకి టేపు కూడా వాడండి. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పై అంచుకీ మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలాక కొలవాలి. మన దేశంలో మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు హద్దు.

అపోహ: యూట్యూబ్‌లో చూసి ఉపవాసమో, పిండిపదార్థాలు దాదాపు మానేసే కీటోనో మొదలుపెట్టిస్తే పోయేదేముంది?

ప్రాణం మీదికి రావచ్చు. షుగర్‌కి గ్లిమెపిరైడ్, ఇన్సులిన్ లాంటివి వాడేవాళ్ళు భోజనం మానేస్తే షుగర్ పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్ రకం షుగర్ మాత్రలు వేసుకుంటూ పిండిపదార్థాలు బొత్తిగా మానేస్తే, షుగర్ మరీ ఎక్కువ లేకపోయినా కీటోయాసిడోసిస్ (రక్తంలో ఆమ్లాలు ప్రమాదకరంగా పెరగడం) రావచ్చు. ముందు మందులు రాసిన డాక్టర్‌ని అడగండి.

మిగతావి క్లుప్తంగా: తేనె, నిమ్మరసం కొవ్వును కరిగించవు. థైరాయిడ్ వల్ల పెరిగేది సాధారణంగా కొద్ది కిలోలే, అదీ చాలావరకు ఉప్పూ నీరూ. బరువు తగ్గడానికిచ్చే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ దొంగదారి కాదు, అదొక చికిత్స. మానేస్తే పోయిన బరువు చాలావరకు తిరిగొస్తుంది కాబట్టి డాక్టర్ పర్యవేక్షణలోనే వాడాలి.

ఆస్పత్రికి తోడు వెళ్ళేటప్పుడు పాత చీటీలన్నీ పట్టుకెళ్ళండి. స్టెరాయిడ్లు, మానసిక జబ్బులకి వాడే ఓలాంజపిన్, మూర్ఛకి వాడే వాల్‌ప్రోయేట్ బరువు పెంచుతాయి. వాటిని సొంతంగా మాత్రం ఆపించకండి. జబ్బ చుట్టుకొలత 34 సెంటీమీటర్లు దాటితే బీపీకి పెద్ద కఫ్ (చేతికి చుట్టే పట్టీ) అడగండి, చిన్నదైతే బీపీ లేనిది ఉన్నట్టు చూపిస్తుంది. బరువు చూసేటప్పుడు మీరు బయటే ఉండండి.

ఒక్క విషయం మాత్రం మీరే చెప్పాలి, నిద్రపోయేవాడికి తెలియదు కాబట్టి. గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉక్కిరిబిక్కిరై లేవడం, పగలు కూర్చున్నచోటే కునికిపాట్లు చూసి ఉంటే స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరిని గమనించే పరీక్ష) అవసరం పడవచ్చు. పరీక్ష అయ్యేదాకా దూర ప్రయాణాల్లో బండి మీరు నడపండి.