పుస్తకం తొలి పేజీల్లో సన్నక్షరాలు

పర్లాకిమిడి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

రాయగడలో ఇద్దరూ డిగ్రీలో చేరారని, ఫిజిక్స్ పుస్తకాల ధరలు చూసి టెన్షన్ పడుతున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అందుకే ఈ ఉత్తరం.

నేను పాఠం చెప్పే రోజుల్లో మా క్లాసు మొత్తానికి మంచి పుస్తకం ఒక్కటే ఉండేది, అదీ లైబ్రరీది. కాశీనగర్ కుర్రాడొకడు దాన్ని శనివారం తీసుకెళ్ళి, కార్బన్ పేపరు పెట్టి లెక్కలు ఎత్తి రాసుకునేవాడు. అడుగు కాగితం స్నేహితుడికి. ఆ నీలం మసకలో స్నేహితుడు 3ని 8గా చదువుకుని పరీక్షలో లెక్క తప్పాడు. తెలివైనవాడు. నాకు ఇప్పటికీ బాధే.

ఇప్పుడు ఆ అవస్థ అక్కర్లేదు. అమెరికాలో రైస్ యూనివర్సిటీ వాళ్ళు 2012 నుంచి ఓపెన్‌స్టాక్స్ పేరుతో కాలేజీ పుస్తకాలు ఉచితంగా ఇస్తున్నారు. ఫిజిక్స్ ఉంది, ఫోన్లోకి దించుకోవచ్చు. మన ఐఐటీలు 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్ వీడియో పాఠాలూ ఇంటర్నెట్‌లో ఉన్నాయి.

అయితే డబ్బు మిగలడం ఒక్కటే కాదు దీని గొప్ప. తొలి పేజీల్లో లైసెన్సు, అంటే ఆ పుస్తకంతో ఏం చేయవచ్చో చెప్పే అనుమతి, చూడండి. అక్కడ క్రియేటివ్ కామన్స్ (అందరూ వాడుకోవడానికి ముందే ఇచ్చే అనుమతి) 'బై' అని మాత్రమే ఉంటే, రాసినవాళ్ళ పేరు చెప్పి, మార్పులు చేశామని తెలిపి, ఆ పుస్తకాన్ని మార్చుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. 'ఎన్‌డీ' అని కూడా ఉంటే మార్చినదాన్ని పంచకూడదు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి గానీ, అనుమతి లేకుండా మార్చి అచ్చు వేయకూడదు. వాట్సాప్‌లో తిరిగే స్కాన్ కాపీల జోలికి అసలు పోకండి.

మార్చుకోవడం ఎందుకంటారా? ఆ పుస్తకం మీ సిలబస్ చూసి రాసింది కాదు. సార్ లింకు పంపి ఊరుకుంటే మీకు దారి తెలియదు. మీ లెక్చరర్‌గారు కావలసిన అధ్యాయాలు ఏరి, ప్రవాహాల పాఠంలో నాగావళిని చేర్చవచ్చు: ఇరుకైన చోట నీళ్ళు ఎందుకు ఉరుకుతాయి, వెడల్పయిన చోట ఎందుకు నెమ్మదిస్తాయి. కష్టమైన మాట పక్కన తెలుగు మాట, ఒడియా మాట రాయవచ్చు. ఆ నలభై పేజీలు జిరాక్స్ తీయిస్తే ఫోన్ లేని పిల్లవాడికీ అందుతాయి. మా ఊళ్ళో ఉండి గిడుగు రామమూర్తి పంతులుగారు గిరిజనులైన సవరల భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే వాచకాలు తయారుచేశారు. ఆయన పడ్డ శ్రమలో ఇది ఎన్నో వంతు?

ఇలా చేసిపెట్టమని మీ సార్‌ని మర్యాదగా అడగండి. పుస్తకంలో తప్పు కనిపిస్తే ఓపెన్‌స్టాక్స్ వాళ్ళకి రాయండి, చూసి దిద్దుతారు.

దసరాకి వచ్చినప్పుడు ప్రవాహాల అధ్యాయం తీసుకురండి. మహేంద్రతనయ ఒడ్డున కూర్చుని చదువుదాం.

మీ తాతయ్య