డచ్ ఆర్మీకి సైకిళ్ళు తప్ప ఏం లేవా? కాలవలో దొరికిన తుప్పు ముక్కల గురించి అపోహలు - వాస్తవాలు

ఆ మధ్య ఒక శనివారం పొద్దున్నే వాట్సాప్‌లో ఫోటో ఒకటి వచ్చింది. కిచెన్ సింక్‌లో, అంట్లు తోమే స్క్రబ్బర్ పక్కన, కోడిగుడ్డు కంటే కాస్త పెద్ద సైజులో తుప్పు పట్టిన ఇనుప ముద్ద. కింద మెసేజ్, "అన్నా, బాబు కాలవలో మాగ్నెట్ వేస్తే తగిలింది, బాగా కడిగాను, పాతకాలందే, దీనికి ఏమన్నా డబ్బులొస్తాయా?" అని. చూడగానే పాత గ్రెనేడ్‌లా అనిపించి నాకు చేతులు చల్లబడిపోయాయి. వెంటనే ఫోన్ చేసి, దాన్ని ఇంక ముట్టుకోవద్దు, సింక్‌లోనే వదిలేయ్, పిల్లల్ని తీసుకుని అందరూ బయటికి వచ్చేయండి, బయటికొచ్చాక పోలీసులకి ఫోన్ చేయి అన్నా. అవతలనుంచి తమ్ముడు చాలా నెమ్మదిగా, "అది జర్మన్‌ది కాదన్నా, డచ్ వాళ్ళదే, నెట్‌లో బొమ్మ చూసి కలిపా. వాళ్ళకి సైకిళ్ళు తప్ప ఏం లేవు కదా, అయిదు రోజుల్లో చేతులెత్తేశారు కదా" అన్నాడు.

ఈ పోస్ట్ ఆ మాట కోసమే రాస్తున్నా. ఆ తమ్ముడి మీద నాకేం కోపం లేదు, భయమేసింది అంతే. తొమ్మిదేళ్ళుగా నేను ఇక్కడ నెదర్లాండ్స్‌లో భూమిలో పేలకుండా మిగిలిపోయిన మందుగుండు వెతికే సర్వే పనిలో ఉన్నా. ఎక్కడైనా ఇల్లు కట్టాలన్నా, రోడ్డు వేయాలన్నా, కేబుల్ కోసం తవ్వాలన్నా ముందు పాత రికార్డులు, అప్పటి ఏరియల్ ఫోటోలు చూసి, అనుమానం ఉంటే నేలలో ఇనుముని పసిగట్టే మాగ్నెటోమీటర్ పెట్టి నేలంతా గాలించేది మేమే. మేం వెతికి చూపిస్తాం, దాన్ని నిర్వీర్యం చేసేది మాత్రం మిలిటరీ బాంబ్ స్క్వాడ్, ఇక్కడ ఈఓడీడీ అంటారు. వాళ్ళకి ఏడాదికి 2,000 పైనే ఇలాంటి కాల్స్ వస్తాయి. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయి 80 ఏళ్ళు దాటాక కూడా.

సైకిళ్ళ కథతో మొదలుపెడతా, ఎందుకంటే మిగతా తప్పులన్నీ దీంట్లోంచే పుడుతున్నాయి.

1940 మే 10న జర్మనీ దాడి చేసేనాటికి డచ్ సైన్యంలో దాదాపు 2,80,000 మంది ఉన్నారు. సైకిల్ దళాలు నిజమే, ఉన్నాయి, చదునుగా, మంచి రోడ్లున్న దేశంలో త్వరగా కదలడానికి అది తెలివైన పద్ధతి, జర్మన్లు కూడా సైకిళ్ళు వాడారు. కానీ ఆ సైకిల్ మీద వెళ్ళే మనిషి భుజాన ఉన్నది ఎం95 మాన్‌లిచర్ రైఫిల్, 6.5 మిల్లీమీటర్ల తూటాలు, అయిదేసి ఒక క్లిప్‌లో. జాండామ్ దగ్గర హెంబ్రుగ్‌లో ప్రభుత్వ ఆయుధ ఫ్యాక్టరీలో ఆ రైఫిళ్ళు కొన్నేళ్ళ పాటు తయారయ్యాయి. మాకు కాలవగట్ల మీద ఎక్కువ దొరికేవి ఈ క్లిప్పులే, ఒక్కోసారి అయిదు తూటాలూ అలాగే చెక్కు చెదరకుండా ఉంటాయి. మెషిన్ గన్లకొస్తే ష్వార్ట్స్‌లోజ, లూయిస్, వికర్స్ మూడు రకాలు. ట్యాంకుల్ని కొట్టడానికి ఆస్ట్రియా డిజైన్ 47 మిల్లీమీటర్ల బోలర్ గన్లు మూడొందలకి పైగా ఉన్నాయి, 1940 లెక్కలో అది మంచి గన్. 81 మిల్లీమీటర్ల బ్రాంట్ మోర్టార్లున్నాయి, 75 మిల్లీమీటర్ల క్రుప్ ఫీల్డ్ గన్లున్నాయి, వాటిని వాళ్ళు 7-వెల్డ్ అనేవాళ్ళు.

బీదతనం లేదని అనట్లేదు. 1880ల నాటి 8-స్టాల్ అనే ఫిరంగులు కూడా లైన్‌లో పెట్టాల్సొచ్చింది, దానికి రీకాయిల్ తట్టుకునే మెకానిజమే లేదు, పేల్చిన ప్రతిసారీ బండి మొత్తం వెనక్కి దొర్లేది, మళ్ళీ ముందుకి తోసి మళ్ళీ గురి చూసుకోవాలి, ఈలోపు అవతలివాళ్ళు ఎన్ని రౌండ్లు కొడతారో ఆలోచించండి. పని చేసే ట్యాంకుల దళం లేదు, అది నిజం. కానీ లాండ్స్‌వెర్క్ ఆర్మర్డ్ కార్లున్నాయి, మే 10 పొద్దున హేగ్ పక్కన ఈపెన్‌బర్గ్ ఎయిర్‌ఫీల్డ్‌లో దిగుతున్న జర్మన్ రవాణా విమానాల్ని ఎదురుగా నిలబడి కొట్టినవాటిలో అవీ ఉన్నాయి. ఆ అయిదు రోజుల్లో నెదర్లాండ్స్‌లో జర్మనీ పోగొట్టుకున్న యుంకర్స్ 52 రవాణా విమానాలు 200 పైనే. చేతిలో ఏమీ లేనివాళ్ళ దగ్గర ఇన్ని విమానాలు పోతాయా?

గ్రెబెబెర్గ్ గుట్ట మీద మే 11 నుంచి 13 వరకు పోరాడి దాదాపు 400 మంది డచ్ కుర్రాళ్ళు చనిపోయారు. అక్కడే సమాధులున్నాయి, నేను ఏడాదికోసారన్నా వెళ్తా. కోర్న్‌వెర్డర్‌జాండ్‌లో అయితే సముద్రం మధ్య కట్టిన పెద్ద కట్ట చివర కాంక్రీట్ బంకర్లలో కొద్దిమందే ఉండి ఒక జర్మన్ డివిజన్‌ని ఆపేశారు, సరెండర్ ఆర్డర్ వచ్చేదాకా అది చేతులు మారలేదు. వీళ్ళ గురించి "సైకిల్ ఆర్మీ" అని నవ్వే మీమ్స్ చూసినప్పుడు నాకు చిరాకొస్తది. అయినా అసలు బాధ మీమ్ గురించి కాదు. వీళ్ళ దగ్గర ఏం లేదు అని నమ్మినవాడు, వీళ్ళది ఏదైనా దొరికితే అది బొమ్మ అని కూడా నమ్మేస్తాడు, అక్కడే ప్రాణం మీదకొస్తుంది.

అవి కాలవల్లోకి ఎలా వచ్చాయో కూడా చెప్తా. మే 14న రాటర్‌డామ్ మీద బాంబులు పడ్డాక, సేనాపతి జనరల్ వింకెల్మన్ ఆ సాయంత్రం లొంగిపోవాలని నిర్ణయించి, ముందు మీ ఆయుధాలు నాశనం చేయండి, తర్వాతే లొంగిపోండి అని కబురు పంపాడు. మరి రాత్రికి రాత్రి అంత సరుకు ఎక్కడ నాశనం చేస్తారు? ఈ దేశంలో నాలుగు అడుగులేస్తే ఒక కాలవ. రైఫిళ్ళు, తూటాల పెట్టెలు, గ్రెనేడ్లు చాలా వరకు నీళ్ళపాలయ్యాయి. అందుకే యుద్ధమే జరగని ఊళ్ళో, పిల్లలు బాతులకి బ్రెడ్ వేసే కాలవలో కూడా ఇవి తగులుతాయి. "మా ఏరియాలో బాంబింగ్ జరగలేదు, మ్యాప్‌లో చూశాను" అనేవాళ్ళకి ఇదే నా జవాబు.

ఇప్పుడు అసలు అపోహ. "తుప్పు పట్టింది కాబట్టి చచ్చిపోయింది, ఇంక పేలదు."

ఈ ఒక్క మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, చదువుకున్న ఇంజనీర్లు కూడా అంటారు, బ్యాటరీ డిశ్చార్జ్ అయినట్టు మందు కూడా కాలంతో అయిపోతుందని అనుకుంటారు. అవ్వదు. టీఎన్‌టీ లాంటి పదార్థం నీళ్ళలో కరగదు అనే చెప్పుకోవాలి, ఇనుప తొడుగు లోపల దశాబ్దాలు అలాగే ఉంటది. పిక్రిక్ యాసిడ్ నింపినవైతే ఇంకా ఘోరం, అది లోహంతో కలిసి కొత్త లవణాలు తయారు చేస్తుంది, అవి అసలు మందు కంటే తొందరగా పేలతాయి, రాపిడి చాలు. డిటొనేటర్లలో, అంటే అసలు మందుని అంటించే చిన్న భాగాల్లో, వాడే కొన్ని రసాయనాలు కూడా తడి తగిలి రాగి, ఇత్తడి భాగాలతో చర్య జరిపి ముందుకన్నా సున్నితంగా మారతాయి. అంటే కొత్తగా ఉన్నప్పుడు సైనికుడు జేబులో పెట్టుకుని పరిగెత్తగలిగిన వస్తువు, 80 ఏళ్ళ తర్వాత బల్ల మీద నుంచి పడితే చాలు అనే స్థితికి రావచ్చు.

పైగా ముందు తుప్పు పట్టేది ఏంటి అనుకుంటున్నారు? సన్నగా ఉండేది. గ్రెనేడ్‌లో సన్నగా ఉండేది సేఫ్టీ పిన్ను. లోపల మందు భద్రంగా ఉండి, దాన్ని ఆపి ఉంచిన పిన్ను మాత్రం పొడి అయిపోయి, కేవలం బురద గట్టిపడి పట్టుకుని ఉంటే ఆగి ఉంటుంది ఒక్కోసారి. మీరు ఆ బురదని ట్యాప్ కింద పెట్టి స్క్రబ్బర్‌తో కడిగారు అంటే పిన్ను స్థానంలో ఉన్నదాన్ని మీ చేత్తో మీరే తీసేసినట్టు.

మనవాళ్ళకి నేను దీపావళి లెక్కలో చెప్తా, బాగా ఎక్కుతుంది. అసలు వెలిగించని లక్ష్మీ బాంబు వేరు, వత్తి చివరిదాకా కాలి పేలకుండా ఆగిపోయిన లక్ష్మీ బాంబు వేరు. రెండోదాని దగ్గరికి వెళ్ళబోతే మా నాన్నమ్మ చీర కొంగు విసురుతూ అరిచేది, "ఒరేయ్ దాని దగ్గరికెళ్ళకు, బకెట్ నీళ్ళు తేండ్రా" అని. ఫిరంగిలోంచి పేల్చాక, లేదా విమానంలోంచి పడ్డాక పేలని గుండు ఆ రెండో రకం. అది బ్యారెల్‌లోంచి వచ్చేటప్పుడే దాని సేఫ్టీలు తెరుచుకున్నాయి, చివరి చిన్న పని ఒక్కటి మిగిలిపోయింది, ఆ పని మీ పార చేయొచ్చు. ఆ యుద్ధంలో పడ్డ బాంబుల్లో దాదాపు పదో వంతు పేలలేదని అంచనా.

ఇవేం పాత కథలు కాదు. 2005 ఏప్రిల్‌లో నార్త్ సీలో చేపల వలలో రెండో ప్రపంచ యుద్ధం బాంబు ఒకటి పడవ మీదకొచ్చి పేలి ముగ్గురు డచ్ జాలర్లు చనిపోయారు. 2014లో పక్కనే బెల్జియంలో ఈప్ర దగ్గర కన్‌స్ట్రక్షన్ సైట్‌లో ఇద్దరు కూలీలు పోయారు, ఆ గుండు మొదటి ప్రపంచ యుద్ధం నాటిది, అంటే అప్పటికి నూరేళ్ళది.

మిగతావి త్వరగా చెప్పేస్తా.

"తూటానే కదా, గ్రెనేడ్ కాదు కదా" అని పిల్లల చేతికివ్వకండి, సుత్తితో కొట్టినా పొయ్యిలో వేసినా అది పేలుతుంది, పైగా పర్మిట్ లేకుండా నిజమైన తూటా ఒక్కటి దగ్గరున్నా ఇక్కడ చట్టరీత్యా నేరం. సంతలో కొన్న గ్రెనేడ్ తొడుగులు ఇండియాకి గిఫ్ట్‌గా లగేజ్‌లో పెట్టుకెళ్ళొద్దు, ఖాళీదే అని మీకు తెలుసు, స్కానర్‌కి తెలీదు. డచ్ గుర్తులున్నవి డచ్ ఆర్మీ ఉన్న చోటే దొరుకుతాయన్నది తప్పు, పట్టుబడ్డ గన్లు, రైఫిళ్ళు జర్మన్లు తీసుకుని తామే వాడుకున్నారు. ఆకులు, కొమ్మలు కప్పుకుని దీవిలా వేషం వేసుకుని జపాన్ వాళ్ళ నుంచి తప్పించుకున్న డచ్ నౌక కథ అబద్ధమని చాలామంది నాతో వాదిస్తారు, అది పూర్తిగా నిజం, 1942లో ఆబ్రహాం క్రెయిన్‌సెన్ అలాగే ఆస్ట్రేలియా చేరింది, ఇప్పుడు డెన్ హెల్డర్ మ్యూజియంలో ఉంది, పిల్లల్ని తీసుకెళ్ళండి. సబ్‌మెరైన్ నీళ్ళలో ఉండగానే పైనుంచి గాలి తీసుకునే గొట్టం, అదే స్నార్కెల్, జర్మన్లు కనిపెట్టారన్నది కూడా సగమే, యుద్ధానికి ముందే ఓ 19, ఓ 20 అనే డచ్ సబ్‌మెరైన్లలో అది ఉంది.

ఇల్లు కొనేటప్పుడు మున్సిపాలిటీ మ్యాప్‌లో "అనుమానిత ప్రాంతం" అని కనపడి నిద్రపోని వాళ్ళు నాకు నెలకి ఇద్దరు ముగ్గురు ఫోన్ చేస్తారు. ఒక అక్క అయితే అడ్వాన్స్ కట్టాక చూసి ఫోన్‌లో ఏడ్చింది, చంటి పిల్లతో ఆ ఇంట్లో ఎలా పడుకోవాలి అని. అక్కా, ఆ రంగు అర్థం మీ బెడ్‌రూమ్ కింద బాంబుందని కాదు, అక్కడ యుద్ధం జరిగిన రికార్డు ఉంది కాబట్టి లోతుగా తవ్వే ముందు పరిశోధన చేయించాలి అని. కదపని నేల మీద దశాబ్దాలుగా జనం కాపురాలు చేస్తున్నారు. పునాది కోసం పైల్స్ దించాలన్నా, పెద్ద ఎక్స్‌టెన్షన్ కట్టాలన్నా అప్పుడు అడగండి, కుండీల్లో కొత్తిమీర వేసుకోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు.

ఇంకొకటుంది, ఇది ఎవరూ పైకి అనరు. పోలీసులకి ఫోన్ చేస్తే వీసాకి ఏమన్నా అవుతుందేమో, మన పేరు రికార్డుల్లోకి ఎక్కుతుందేమో అని భయం. మొదట చెప్పిన తమ్ముడు కూడా రోడ్డు మీద నిలబడి రెండు నిమిషాలు అదే అడిగాడు, "అన్నా, పీఆర్ అప్లై చేశాం అన్నా, ఇప్పుడు ఇది..." అని. ఆ భయం నాకు తెలుసు, నేనూ పర్మిట్ మీద బతికినవాణ్ణే. వాళ్ళ వీధిలో ఏం జరిగిందో చెప్తా. పోలీసులొచ్చి అటూ ఇటూ ఇళ్ళు ఖాళీ చేయించారు, తర్వాత ఈఓడీడీ వాళ్ళిద్దరు వచ్చారు, వాళ్ళలో ఒకామె లోపలికెళ్ళి చూసి, గ్రెనేడే, ఫ్యూజ్ అలాగే ఉంది అని చెప్పి ఇసుక పెట్టెలో పెట్టి తీసుకెళ్ళింది, ఊరి బయట పొలంలో పేల్చేశారు. డబ్బులు అడగలేదు, ఫైన్ లేదు, కేసు లేదు. బాబుని పక్కకి పిలిచి ఎక్కడ దొరికింది, ఇంకా ఏమన్నా తగిలాయా అని మాత్రం అడిగారు, ఎందుకంటే ఒకటి ఉన్నచోట పెట్టె మొత్తం ఉండొచ్చు. మరుసటి వారం డైవర్లు వెళ్తే అదే చోట ఇంకో ఆరు దొరికాయి. వాళ్ళ పీఆర్ కూడా తర్వాత మామూలుగానే వచ్చింది.

కాబట్టి దొరికితే, దొరికిన చోటే వదిలేసి దూరంగా జరగండి, ప్రమాదం అనిపిస్తే 112, లేకపోతే పోలీసుల మామూలు నంబర్ 0900-8844. ఇంగ్లిష్‌లో చెప్పినా వింటారు. దూరం నుంచి ఒక ఫోటో తీస్తే వాళ్ళకి పనికొస్తుంది, దాని కోసం దగ్గరికి మాత్రం వెళ్ళకండి. అలవాటు కొద్దీ నాకు పంపుతున్నారు, పంపండి, కానీ పోలీసులకి చెప్పాకే, నేను నిద్రలో ఉండొచ్చు, సైట్‌లో ఉండొచ్చు. ఒకవేళ ఇప్పటికే ఇంటికి తెచ్చేసి ఉంటే, గరాజ్‌లోనో షెడ్‌లోనో అల్మరాలోనో ఏళ్ళ తరబడి ఉన్నా సరే, తిరిగి కాలవలో పడేయడానికి పట్టుకెళ్ళకండి, ఉన్నచోటే ఉంచి తలుపేసి ఫోన్ చేయండి, ఇన్నాళ్ళు ఎందుకు ఉంచుకున్నారని వాళ్ళు తిట్టరు.