అలెక్స్ జేమ్స్ ధర 8,750 పౌండ్లు, వారం జీతం 8

పాత ఫుట్‌బాల్ రికార్డులు చూసేవాళ్లకు పదేపదే ఎదురయ్యే ప్రశ్న ఇది: "1929లో స్కాట్లండ్ ఆటగాడు అలెక్స్ జేమ్స్‌ను ఇంగ్లండ్ క్లబ్బు ప్రెస్టన్ నుంచి లండన్ క్లబ్బు ఆర్సెనల్ 8,750 పౌండ్లకు కొంది కదా, అంత డబ్బు ఏం చేసుకున్నాడు?" అతని చేతికి వస్తేగా! బదిలీ ఫీజు క్లబ్బు నుంచి క్లబ్బుకే పోతుంది. సంతకం పెట్టినందుకు అప్పట్లో ఆటగాడికి దక్కేది 10 పౌండ్లు.

జీతం లెక్క కట్టండి. 1922 నుంచి ఆ రోజుల్లో ఇంగ్లిష్ లీగ్‌లో గరిష్ఠ జీతం సీజన్‌లో వారానికి 8 పౌండ్లు, వేసవిలో 6. ముప్పై ఏడు వారాలకు 296, మిగతా పదిహేను వారాలకు 90, వెరసి 386. గెలిస్తే 2, డ్రా అయితే 1 బోనస్. ఇదీ పైమెట్టు, చాలామందికి ఇంత కూడా ఉండేది కాదు. ఆర్సెనల్ జేమ్స్‌కు సెల్ఫ్రిజెస్ దుకాణంలో ఏడాదికి 250 పౌండ్ల కొలువు చూపించింది అందుకే. ఈ హద్దును స్కాటిష్ లీగ్‌కు అంటగట్టకండి, అక్కడ అది ఉండేది కాదు.

అన్నిటికన్నా నష్టం చేసే అపోహ: "కాంట్రాక్టు ముగిస్తే స్వేచ్ఛే." ఆ రోజుల్లో కాదు. ఒప్పందం ఏడాదికే, రిజిస్ట్రేషన్ (లీగ్‌లో ఆడేందుకు నమోదు) మాత్రం క్లబ్బు గుప్పిట్లోనే ఉండేది. సీజన్ చివర రిటెయిన్ జాబితాలో, అంటే అట్టిపెట్టుకునేవాళ్ల పట్టీలో, పేరు పెడితే చాలు. కొత్త షరతులకు ఒప్పుకోకపోతే జీతం ఆగేది, ఇంకో లీగ్ క్లబ్బు అతణ్ని ఆడించే వీలుండేది కాదు. ఆనాటి ఆటగాడైన తాతగారి కెరీర్లో ఒక సీజన్ ఖాళీగా కనిపిస్తే, ఏం తప్పు చేశాడోనని మనవలు కంగారు పడతారు. పడకండి. గాయమనో నిషేధమనో రాసేముందు ఆ వేసవి జాబితా చూడండి, తర్వాత లీగ్ బయటి జట్లు వెతకండి.

జేమ్స్‌కు ఎనిమిదే క్యాప్‌లు (దేశం తరఫున ఆడిన మ్యాచ్‌లు) కాబట్టి సాధారణ ఆటగాడంటారు. కానీ అంతర్జాతీయ మ్యాచ్‌లు ఎక్కువగా లీగ్ ఆటలుండే శనివారాల్లోనే పడేవి, ఇంగ్లిష్ క్లబ్బులు ఆటగాణ్ని పంపాలన్న నియమం అప్పట్లో లేదు.

ప్రెస్టన్‌కు 147 లీగ్ మ్యాచ్‌ల్లో 53 గోల్స్, ఆర్సెనల్‌కు 231లో 26. గోల్స్ తగ్గింది ఆట తగ్గి కాదు. ఆర్సెనల్ మేనేజర్ చాప్‌మన్ అతణ్ని వెనక్కి దించి, బంతి అందుకుని వింగర్లకు (రెండు అంచుల్లో ఆడే ముందువరుస ఆటగాళ్లకు) పొడవుగా అందించే పని అప్పగించాడు. ఫలం నాలుగు లీగ్ టైటిళ్లు, రెండు ఎఫ్.ఏ. కప్‌లు.

ఫొటోలో చొక్కా అంకె వెతకొద్దు, ఇంగ్లిష్ లీగ్‌లో అవి 1939 దాకా తప్పనిసరి కాలేదు. గోల్‌కీపర్ నుంచి మొదలయ్యే జట్టు వరుసలో పదో పేరు చూడండి, జేమ్స్ ఆడిన ఇన్‌సైడ్ లెఫ్ట్ (ముందువరుసలో ఎడమ అంచుకు లోపలి స్థానం) అదే. పేర్లను మైదానం ఆకారంలో అచ్చేసిన మ్యాచ్ ప్రోగ్రామ్‌లో మాత్రం రెండో జట్టు కుడి ఎడమలు తిరగబడి ఉంటాయి.