విజయనగరం పాత మేడలు: శిథిలావస్థకు ముందు జరిగిన కథ

విజయనగరంలో పాత కట్టడాల తొలగింపు మాట మళ్ళీ చర్చకు వచ్చింది. ఇలా వచ్చిన ప్రతిసారీ వాదన ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: భవనం శిథిలమైందా, లేదా? శిథిలమైందని ఇంజనీర్లు రాసి ఇచ్చాక ప్రాణాలకు ముప్పు అన్న మాట ముందుకు వస్తుంది, ఆ మాటకు ఎదురు చెప్పడం ఎవరికైనా కష్టమే. అయితే ఆ మేడ ఎన్నాళ్ళ నుంచి ఖాళీగా ఉంది, దాని మరామతు ఎవరి బాధ్యత, ఆ బాధ్యత ఎప్పుడు తప్పిపోయింది అన్న ప్రశ్నలు మాత్రం ఆ నివేదికల్లో చోటు చేసుకోవు.

1713లో పంచ విజయాల (విజయానికి గుర్తులైన అయిదు కలిసి వచ్చిన) ముహూర్తాన విజయనగరం కోటకు శంకుస్థాపన జరగడం, ఆ తర్వాత బొబ్బిలి యుద్ధం ఈ జిల్లా పాఠకులకు తెలిసిన కథలే. నేటి వివాదానికి మూలం 1948కీ 1958కీ మధ్య గడిచిన పదేళ్ళలో ఉంది. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ రాబడి పోయింది, ఆ రాబడిని నమ్ముకుని కట్టిన కోటలూ మహళ్ళూ మాత్రం మిగిలాయి. 1958లో విజయనగరం రాజవంశీయుడు పి.వి.జి. రాజు తన తండ్రి అలక్ నారాయణ గజపతి పేరిట మాన్సాస్ ట్రస్టును స్థాపించి, కోటను చదువుల కోసం అప్పగించారు. అంతటి దానం ఉత్తరాంధ్రలో అరుదు, దానివల్ల చదువుకున్న కుటుంబాలు ఈ జిల్లాలో వేలల్లో ఉంటాయి. కానీ అదే ఏర్పాటుతో రాజసౌధాల పైకప్పుల ఖర్చు విద్యాసంస్థల ఖర్చులతో పోటీ పడవలసి వచ్చింది. జీతాలకూ తరగతి గదులకూ డబ్బు చాలనప్పుడు కార్నిసు (గోడ పైఅంచు) మీద పెచ్చులూడిన సున్నపు పూతను పట్టించుకునే వారు ఉండరు.

సున్నంతో కట్టిన మేడ ఒక్క రోజులో పాడవదు. మద్రాసు టెర్రస్ మిద్దెలో టేకు దూలాల మీద పలచటి ఇటుకలను నిలువుగా పేర్చి, పైన సున్నపు గచ్చు వేస్తారు. నీటి గొట్టం ఆకులతో మూసుకుపోతే వాననీరు మిద్దె మీద నిలుస్తుంది, గచ్చు నెర్రెలు విచ్చుతుంది, తడి దిగి గోడలోకి చొచ్చుకుపోయిన దూలం కొన దగ్గర కర్ర మొట్టమొదట పుచ్చుతుంది. పిట్టగోడ సందులో రావి మొక్క లేస్తుంది. దాన్ని పై కొమ్మల వరకే నరికితే వేరు ఇంకా లోతుకు దిగి ఇటుకలను విడదీస్తుంది. ఆ పగుళ్ళకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి వెళ్ళే దారి మూసుకుపోయి గోడ ఇంకా త్వరగా పాడవుతుంది. ఏటా వానాకాలానికి ముందు గొట్టాలు శుభ్రం చేయించి, మొక్కలను వేళ్ళతో సహా తీయించి ఉంటే వీటిలో చాలావాటికి శిథిలం అన్న ముద్ర పడేదే కాదు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ వంటి తుపాను తర్వాత ఆలనాపాలనా లేని కప్పు ఎన్నాళ్ళు నిలుస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

వాడుకలో ఉన్న పాత కట్టడాలు ఈ ఊళ్ళోనూ, చుట్టుపక్కలా, ఇదే ఉప్పుగాలికి, ఇవే వానలకు నిలబడి ఉన్నాయి. 1962లో సైనిక్ స్కూలు మొదలైంది కోరుకొండ రాజసౌధంలోనే. 1919లో ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా ఆరంభమైన సంగీత కళాశాలలో నేటికీ పాఠాలు సాగుతున్నాయి. గురజాడ అప్పారావు నివసించిన ఇల్లు స్మారక భవనంగా దక్కింది. కనుక వయసే కూలుస్తుందన్న వాదన విజయనగరంలో నిలవదు.

1869లో కోటలో కట్టిన దర్బారు మందిరం మోతీ మహల్‌కు ఆ అదృష్టం దక్కలేదు, దాన్ని కూల్చేశారు. దాని తొలగింపు మీద నిజమైన చర్చ చాలా ఆలస్యంగా, అది కూడా మరో కట్టడం పేరు మీద వచ్చింది. 2020 మే నెలలో, కరోనా ఆంక్షల నడుమ, మూడు లాంతర్ల కూడలిలోని పాత స్తంభాన్ని తొలగించినప్పుడు ఊరంతా కదిలింది. అభివృద్ధి పనుల కోసం తీశామని, కొత్తగా నిర్మిస్తామని అధికారులు అన్నారు. కొత్తది కడితే పాతది దక్కినట్టు కాదన్న సంగతి మాత్రం వారు గుర్తించలేదు. తర్వాత వాదన మూడు లాంతర్ల నుంచి మోతీ మహల్‌కు మళ్ళి, ఏది ఎవరి హయాంలో కూలిందన్న రాజకీయ లెక్కగా మారింది. ఒకరి తప్పు మరొకరికి సమాధానమైపోయి, రెండు కట్టడాలనూ కాపాడవలసిన వ్యవస్థ ఏది అన్న ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు. మాన్సాస్ ట్రస్టు అధ్యక్ష పదవి కూడా అప్పటికే వివాదంలో పడింది. 2020 మార్చిలో ప్రభుత్వం చేసిన మార్పును 2021 జూన్‌లో హైకోర్టు కొట్టివేసింది. పదవి కోసం ఇంత పోరు సాగిన కాలంలో మిద్దెల మరామతు గురించి ఆ స్థాయిలో వాదించినవారు లేరు.

చట్టం వైపు చూస్తే 1960 నాటి రాష్ట్ర పురావస్తు చట్టం ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన కట్టడాలనే కాపాడుతుంది. ప్రకటన లేని మేడ ఎంత పాతదైనా, ఎంత పేరున్నదైనా, కూల్చివేత విషయంలో మామూలు భవనంతో సమానమే. హైదరాబాదులో నవాబుల నాటి మేడ ఎర్రమంజిల్‌ను కూల్చాలన్న తెలంగాణ మంత్రివర్గ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో అక్కడి హైకోర్టు కొట్టివేయగలిగిందంటే, ఆ నగరంలో వారసత్వ కట్టడాలకు నిబంధనలూ జాబితా అంతకు చాలా ముందే ఉండటం వల్లనే. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో మిగిలిన కోటలకూ బంగళాలకూ అటువంటి జాబితాను ముందే సిద్ధం చేయాలి. కూల్చే నిర్ణయానికి ముందు సున్నపు కట్టడాల పని తెలిసిన నిపుణుడు చూసిన నివేదికను, అంతకుముందు పదేళ్ళలో మరామతుకు పెట్టిన ఖర్చు వివరాలతో కలిపి ప్రజల ముందు పెట్టాలి.