కమ్యూనిటీ కాలేజీ నుంచి టెక్ ఉద్యోగానికి: అపోహలు - వాస్తవాలు

కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ల ప్రభుత్వ కాలేజీ) కౌన్సెలర్‌గా పని చేస్తున్నానంటే మనవాళ్ల పార్టీల్లో వినపడే మాట ఒక్కటే: "అక్కడ చదివేదెవరండీ, యూసీలో సీటు రానివాళ్లేగా!" యూసీ అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా. ఆ మాట సంగతి తర్వాత. పిల్లల కొంప ముంచుతున్న అపోహ ఇంకోటుంది.

అపోహ: పేరులో కంప్యూటర్ ఉన్న ఏ కోర్సు చేసినా, రెండేళ్లకి యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ మూడో ఏడాదిలో చేరిపోవచ్చు.

వాస్తవం: చేరలేరు. 60 సెమిస్టర్ యూనిట్లు (క్రెడిట్లు) కావాలన్న సంగతి అందరికీ తెలుసు. ఆ 60లో ఏమేం ఉండాలన్నదే ఎవరూ అడగరు. కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, డిస్క్రీట్ మ్యాథ్స్, డేటా స్ట్రక్చర్స్, చాలాచోట్ల ఫిజిక్స్ కూడా. మ్యాథ్స్ అంతా ఒకటయ్యాక ఒకటి చెయ్యాల్సిందే. కాలిక్యులస్ 1 పాసవకుండా 2లో కూర్చోనివ్వరు. మొదటి సెమిస్టర్‌లో మ్యాథ్స్ వదిలేస్తే ట్రాన్స్‌ఫర్ (ఇక్కణ్నుంచి యూనివర్సిటీకి మారడం) మొత్తం వెనక్కి జరుగుతుంది. నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్లు మంచివే, కానీ అవి నేరుగా ఉద్యోగానికి వెళ్లే దారి.

పోయినేడు ఒకమ్మాయి వచ్చింది. రాత్రి గోడౌన్‌లో షిఫ్టు, పగలు క్లాసులు. మెక్సికో నుంచి వచ్చిన కుటుంబం, ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కింది తనే మొదలు. ట్రాన్‌స్క్రిప్ట్ నిండా 'ఎ' గ్రేడ్లే: ఆఫీస్ అప్లికేషన్లు, వెబ్ డిజైన్, నెట్‌వర్కింగ్. మ్యాథ్స్‌లో స్టాటిస్టిక్స్ ఒక్కటే. ఏ కోర్సు ఏ యూనివర్సిటీలో చెల్లుతుందో చూపించే అసిస్ట్ సైట్‌లో తను కోరుకున్న క్యాంపస్, మేజర్ పెట్టి ప్రింట్ తీసిచ్చాను. యూనివర్సిటీ అడిగే కోర్సు, దాని పక్కనే మా కాలేజీలో దానికి సరిపోయేది. చేసినవాటికి టిక్ పెట్టుకుంటూ పోయింది. రెండే టిక్కులు పడ్డాయి. "నాకెవరూ చెప్పలేదండీ" అంది. కాసేపాగి, షిఫ్టుకి అడ్డు రాని కాలిక్యులస్ క్లాస్ ఏదైనా ఉందా అని అడిగింది.

మన పిల్లలకైతే ఏ బాబాయో, పక్కింటి అక్కో ముందే చెప్పేస్తారు. ఈ పిల్లకి ఎవరు చెప్తారు? టెక్‌లో లాటినోలు, నల్లజాతివాళ్లు, ఆడపిల్లలు ఎందుకు తక్కువని సదస్సులు పెట్టేవాళ్లు ముందు ఇలాంటివాళ్ల మొదటి సెమిస్టర్ టైమ్‌టేబుల్ చూడాలి. 1970లో ఓక్లాండ్‌లో మొదలైన మెసా ప్రోగ్రామ్ చేసేది అదే: కౌన్సెలింగ్, కలిసి లెక్కలు చేసుకునే గది, చేదోడుగా సీనియర్లు. మీ కాలేజీలో మెసా ఉంటే అర్హత కనుక్కుని మొదటి వారంలోనే చేరండి.

ఇక మిగతావి. డైవర్సిటీ అంటే మార్కులు తగ్గించి సీటివ్వడం అంటారు. ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని 1996లోనే ప్రాపొజిషన్ 209 వచ్చింది. పార్టీ మాట సంగతికొస్తే, మా క్లాసుల్లో యూసీ సీటు వదులుకుని యూనిట్‌కి 46 డాలర్ల ఫీజు చూసుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు. ట్రాన్స్‌ఫర్ అయ్యాక చివరికి డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీయే. "టాగ్ (ట్రాన్స్‌ఫర్ సీటుకి యూసీ ముందే ఇచ్చే హామీ) ఉంటే బర్క్‌లీ ఖాయం" అన్నది వాట్సాప్ పుకారు. టాగ్ ఇచ్చేవి ఆరు యూసీ క్యాంపస్‌లు; వాటిలో బర్క్‌లీ, లాస్ ఏంజెలిస్, శాన్ డియాగో లేవు. ఇచ్చేచోట కూడా కంప్యూటర్ సైన్స్‌కి వర్తిస్తుందో లేదో చూసుకుని సెప్టెంబర్‌లోనే అప్లై చెయ్యాలి. రెండేళ్ల డిగ్రీతోనే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అయిపోవచ్చనేవాళ్లని నమ్మకండి. దానితో ఎక్కువగా వచ్చేవి హెల్ప్‌డెస్క్, ఐటీ సపోర్ట్ ఉద్యోగాలు.

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీదున్న అమ్మాయిలు "చదివితే వీసాకి ఇబ్బందా?" అని టెన్షన్ పడుతూ మెసేజ్ పెడతారు. ఏ ఇబ్బందీ లేదమ్మా. ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారక్కర్లేదు. ఏడాది పైగా ఇక్కడే స్థిరంగా ఉంటున్నట్టు కాగితాలు చూపిస్తే కాలిఫోర్నియాలో రెసిడెంట్ ఫీజే పడుతుంది. ఫెడరల్ ఆర్థిక సాయం మాత్రం రాదు. బీటెక్ అయిపోయినవాళ్లకి ట్రాన్స్‌ఫర్ గొడవే లేదు, పైథాన్, డేటాబేస్ లాంటి కోర్సులు విడిగా తీసుకుంటే చాలు. సాయంత్రం క్లాసులు త్వరగా నిండిపోతాయి కాబట్టి రిజిస్ట్రేషన్ తెరిచిన రోజే చేరిపోండి.