పొయ్యి పొగకు లెక్క దొరికిన కథ

లండన్ పొగ అనగానే మనకు ఫ్యాక్టరీ గొట్టాలే గుర్తొస్తాయి. బ్రిటన్ చట్టాలూ చాలాకాలం అలాగే చూశాయి. లండన్ ప్రజారోగ్యంపై 1891లో వచ్చిన చట్టం నల్లపొగ కక్కే గొట్టాలపై చర్యకు వీలిచ్చింది కానీ, ఇళ్ల గొట్టాలను వదిలేసింది. చలికి ఇంట్లో వేసుకునే బొగ్గుమంట జోలికి వెళ్లడానికి ఎవరికీ మనసొప్పలేదు.

1912లో లండన్‌లో పొగ నివారణపై ప్రదర్శన జరిగింది. పొగను కొలిచేందుకు ఒక కమిటీ పుట్టింది అప్పుడే. వాతావరణ శాస్త్రవేత్త నేపియర్ షా, జాన్ స్విట్జర్ ఓవెన్స్ దాన్ని నడిపించారు. మొదటి పరికరం చాలా మామూలుది: ఆరుబయట పెద్ద గరాటు, దాని కింద సీసా. నెలంతా వానతోపాటు పడిన మసిని, బూడిదను తూచి, చదరపు మైలుకు ఇన్ని టన్నులని లెక్క కట్టేవారు. కానీ నెలకో అంకె వస్తే, ఏ పూట పొగ ఎక్కువో ఎలా తెలుస్తుంది? పైగా సన్నటి పొగ గరాటులో పడదు. గాలిలోనే తేలుతుంది. ఊపిరితిత్తుల్లోకి పోయేది అదే.

ఓవెన్స్ ఇంకో యంత్రం చేశాడు. అది గాలిని తెల్లటి ఫిల్టర్ కాగితం గుండా లాగుతుంది. కాగితంపై పడిన మరక ఎంత నల్లగా ఉందో చూస్తే గంటగంటకూ పొగ లెక్క తెలిసిపోతుంది. ఈ కథలో నన్ను బాగా కదిలించింది ఆ మరకలే. పొద్దున జనం లేచి మంటలు రాజేసే వేళకు మరక నల్లబడేది. ఆదివారం జనం ఆలస్యంగా లేస్తారు, నలుపూ ఆలస్యంగానే వచ్చేది. ఫ్యాక్టరీల మీదే నేరం మోపడానికి ఇక వీల్లేకపోయింది.

అయినా చట్టం మారలేదు. 1952 డిసెంబర్ 5 నుంచి 9 దాకా లండన్‌పై వెచ్చటి గాలి మూతలా కూర్చుంది. పొగ పైకి పోలేక కిందే ఉండిపోయింది. అప్పటి అంచనా ప్రకారం సుమారు 4,000 మంది చనిపోయారు. తర్వాతి పరిశోధకులు ఆ సంఖ్య 12,000 దాకా ఉంటుందన్నారు. ఎక్కువమంది వృద్ధులు, పసివాళ్లు, ముందే ఆయాసంతో బాధపడుతున్నవాళ్లు.

దేశంలో పొగలో దాదాపు సగం ఇళ్లదేనని ఈ విషాదం తర్వాత ప్రభుత్వం వేసిన హ్యూ బీవర్ కమిటీ 1954లో తేల్చింది. 1956లో వచ్చిన స్వచ్ఛ గాలి చట్టం (క్లీన్ ఎయిర్ యాక్ట్) దేశస్థాయిలో మొదటిసారి ఇళ్లనూ పరిధిలోకి తెచ్చింది. అయితే పేదవాళ్ల ఇంట్లో మంట ఊరికే ఆర్పేయమనలేదు. పొగరాని పొయ్యికి మారేవాళ్లకు ఖర్చులో 70 శాతం సాయంగా ఇచ్చింది. 1961లో దేశమంతటా పొగను, సల్ఫర్ డయాక్సైడ్‌ను కొలిచే సర్వే మొదలైంది. అందులోనూ పొగను కొలిచింది ఫిల్టర్ కాగితంపై పడ్డ మరకతోనే.