ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది

అరచేతిలో ఇమిడే కార్డు. ముందువైపు గోధుమరంగు ఫొటోలో ఒక నటి, వెనక చిరునామాకు గీతలు, స్టాంపుకు చోటు. ఇటలీలో 1930లు, 40లలో సినిమా తారల పోస్టుకార్డులు ఇలా ఉండేవి. అలాంటి కార్డు మీద తీనా లాట్టాంజీ కనబడితే చిన్న తమాషా ఉంది. రంగస్థలం నుంచి వచ్చిన ఈ నటి ముఖం కన్నా గొంతే ఇటలీ జనానికి ఎక్కువ తెలుసు, అదీ హాలీవుడ్ తార గ్రేటా గార్బోకు ఇటాలియన్‌లో డబ్బింగ్ చెప్పిన గొంతుగా!

దీని మూలం 1930లో ఉంది. టాకీలు వచ్చిన కొత్తలోనే ముస్సోలినీ ప్రభుత్వం తెర మీద పరాయి భాష వినిపించకూడదంది. దాంతో మాటలు తీసేసి, మధ్యమధ్యలో ఇటాలియన్ అక్షరాలు అతికించి ఆడించారు. టాకీకి టికెట్ కొని చదువుకోవడమన్నమాట. హాలీవుడ్ కంపెనీలు అక్కడి ఇటాలియన్ వలసదారులతో డబ్బింగ్ చెప్పిస్తే ఆ యాస ఇటలీ చెవులకు ఎక్కలేదు. 1933లో చట్టం వచ్చింది: డబ్బింగ్ ఇటలీలోనే జరగాలి. భాష మీద ప్రేమ కన్నా కాపలా బుద్ధే ఇందులో ఎక్కువని నాకనిపిస్తుంది. డైలాగు మార్చేస్తే సెన్సారు కత్తెర పని సగం తప్పుతుంది కదా.

పని మాత్రం ఓపికతో కూడుకున్నది. ఫిల్మును చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్క రెండు కొసలూ కలిపి ఉంగరంలా అతికించేవారు. చీకటి హాల్లో అది తిరుగుతూనే ఉండేది. స్టాండు మీది కాగితం, తెర మీది పెదవులు రెండూ చూస్తూ మాట పెదవులకు సరిగ్గా పడేదాకా చెప్పాల్సి వచ్చేది. ప, బ, మ దగ్గర పెదవులు కలవకపోతే మోసం ఇట్టే దొరికిపోతుంది.

1938లో డిస్నీ స్నోవైట్ ఇటలీకి వచ్చినప్పుడు దుష్ట రాణికి లాట్టాంజీ, స్నోవైట్‌కు రోజెట్టా కలవెట్టా మాటలు చెప్పారు. ఈ కలవెట్టాయే తర్వాత మార్లిన్ మన్రో గొంతయింది. అప్పట్లో డబ్బింగ్ వాళ్ల పేర్లు టైటిల్స్‌లో వేసే అలవాటు లేదు. లాట్టాంజీ 1997లో, వందో పుట్టినరోజుకు కొద్ది వారాల ముందు కన్నుమూశారు.

యుద్ధంతో ప్రభుత్వం పోయింది, డబ్బింగ్ పోలేదు. సొంత సినిమాలకూ మాటలు తర్వాతే కలిపేవారు. ట్యునిస్‌లో పుట్టిన నటి క్లాడియా కార్డినాలే బొంగురు గొంతు, ఫ్రెంచి యాస పనికిరావని వేరేవాళ్లతో చెప్పించారు. 1963లో ఇటలీ దర్శకుడు ఫెల్లినీ సినిమాలో ఆమె తన గొంతుతో మాట్లాడింది. అప్పటిదాకా ఆమె కార్డులు కొని దాచుకున్న ఇటలీ ప్రేక్షకులు తెర మీద ఆ గొంతు విననేలేదు.